కరోటిడ్ ధమని ఇరుకైనప్పుడు మెదడు రక్తప్రసరణను ఎం.ఆర్.ఐ.తో కొలిచే విధానం

మెడలోని కరోటిడ్ ధమని ఎంత శాతం ఇరుకైందో చెప్పడానికి డాప్లర్, యాంజియోగ్రఫీ పరీక్షలు చాలు. ఆ ఇరుకుకు పైనున్న మెదడుకు రక్తం సరిపడా అందుతున్నదా అన్నది మాత్రం వేరే ప్రశ్న. ఒకే విధంగా 80 శాతం ఇరుకు ఉన్న ఇద్దరు రోగులను తీసుకుంటే, ఒకరికి ఎదుటి వైపు కరోటిడ్ నుంచీ, మెడ వెనుక నుంచి వచ్చే వెర్టిబ్రల్ ధమనుల నుంచీ మెదడు అడుగున ధమనులను కలిపే విల్లిస్ వలయం ద్వారా రక్తం ధారాళంగా అందుతూ ఉండవచ్చు. రెండవ వ్యక్తిలో ఆ వలయం పుట్టుకతోనే అసంపూర్ణంగా ఉండి, కంటి ధమని ద్వారానో మెదడు ఉపరితలం మీది సన్నని నాళాల ద్వారానో రక్తం చుట్టు తిరిగి రావలసి ఉండవచ్చు. ఈ తేడాను ఎం.ఆర్.ఐ.తో ఎలా పట్టుకోవాలో రేడియాలజీ విద్యార్థులకు, టెక్నాలజిస్టులకు, ఈ రంగంలో కొత్తగా పరిశోధన మొదలుపెట్టేవారికి ఉపయోగపడేలా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ వ్యాధిలో రక్తం తగ్గడం కన్నా ముందు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా కొలిచిన రక్తప్రసరణ అంకె ఎంత అందంగా కనిపించినా నమ్మదగినది కాదు.

ఏమి కొలుస్తున్నామో ముందు తేల్చుకోవాలి

ఆరోగ్యవంతులైన పెద్దవారిలో మెదడు మొత్తం మీద సగటున ప్రతి 100 గ్రాములకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తుంది. బూడిద పదార్థంలో ఇది సగటు కన్నా ఎక్కువ, తెల్ల పదార్థంలో దాదాపు 20 నుంచి 25. ధమని ఇరుకై పైభాగంలో పీడనం తగ్గినప్పుడు మెదడులోని సూక్ష్మ ధమనులు వ్యాకోచించి ఈ ప్రవాహాన్ని నిలబెడతాయి. దీనినే స్వీయ నియంత్రణ అంటారు. ఈ మొదటి దశలో ప్రవాహం మామూలుగానే ఉంటుంది. కానీ నాళాలలో నిలిచి ఉండే రక్త పరిమాణం, రక్తం కణజాలం గుండా సాగే సగటు సమయం పెరుగుతాయి. నాళాలు ఇక వ్యాకోచించలేని స్థితికి చేరాక ప్రవాహం తగ్గడం మొదలవుతుంది, అప్పుడు కణజాలం వచ్చిన రక్తం నుంచే మామూలు కన్నా ఎక్కువ ఆక్సిజన్‌ను పిండుకుంటుంది. 1981లో బారోన్ బృందం పెట్ స్కాన్‌తో ఈ స్థితిని వర్ణించి 'మిజరీ పెర్ఫ్యూజన్' అని పేరు పెట్టింది. కాబట్టి విశ్రాంతి స్థితిలో ప్రవాహాన్ని ఒక్కసారి కొలిచి, మామూలుగా ఉందని చెప్పి ఊరుకుంటే, మొదటి దశలో ఉన్న రోగి మన కంట పడకుండా పోతాడు. ప్రవాహం, రాక సమయం, నాళాలకు ఇంకా వ్యాకోచించే శక్తి ఎంత మిగిలి ఉంది అనే నిల్వ సామర్థ్యం, ఈ మూడింటినీ కలిపి చూస్తేనే చిత్రం పూర్తవుతుంది.

రోగిని సిద్ధం చేయడం

పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు వంటి మామూలు భద్రతా ప్రశ్నలతో పాటు ఇక్కడ కొన్ని ప్రత్యేకమైనవి అడగాలి. నిలబడగానే చేయి లేదా కాలు బలహీనపడటం, అవయవం లయ లేకుండా వణకడం వంటివి ఎప్పుడైనా జరిగాయా అని అడిగితే, ప్రవాహ లోపం ఉన్నవారిని స్కానర్ ఎక్కకముందే గుర్తించే అవకాశం ఉంటుంది. ఈ వణుకును మూర్ఛగా పొరబడటం సర్వసాధారణం. మెడలో ఇదివరకే స్టెంట్ ఉందా, ఉంటే ఏ ఎత్తులో ఉందో నమోదు చేయాలి. ఎందుకో కింద లేబులింగ్ భాగంలో తెలుస్తుంది. కెఫీన్ మెదడు రక్తప్రసరణను గణనీయంగా తగ్గిస్తుంది గనుక కాఫీ, టీలను పరీక్షకు ముందు కొన్ని గంటల పాటు మానుకోమనాలి; తాగి వచ్చినట్లయితే చివరిసారి ఎప్పుడు తాగారో రాసుకోవాలి. రక్తపోటు మందులను, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులను పరీక్ష కోసం ఆపకూడదు. రక్తపోటును, వీలైతే హెమటోక్రిట్‌ను (రక్తంలో ఎర్రకణాల శాతాన్ని) అదే రోజు నమోదు చేయాలి. రక్తహీనత ఉన్నవారిలో ప్రవాహం నిజంగానే పెరుగుతుంది. దానితో పాటు రక్తపు టి1 విలువ (రక్తంలో అయస్కాంత గుర్తు ఎంత త్వరగా చెరిగిపోతుందో చెప్పే కాలం) కూడా మారి లెక్కను తప్పిస్తుంది.

ముందు దారులు, తరువాత ప్రవాహం

డిఫ్యూజన్ (కొత్తగా దెబ్బతిన్న చోట్లను చూపేవి), ఫ్లెయిర్ (వెన్నుద్రవపు సిగ్నల్‌ను అణచి దెబ్బలను చూపేవి) చిత్రాలతో మొదలుపెట్టాలి. మధ్య, ముందు మస్తిష్క ధమనుల పరిధులు కలిసే సరిహద్దులో, లేదా తెల్ల పదార్థం లోతులో పూసల దండలా వరుసగా కనిపించే చిన్న చిన్న దెబ్బలు ప్రవాహ లోపాన్ని అనుమానించేలా చేస్తాయి. ఫ్లెయిర్‌లో మెదడు ఉపరితలం మీద తెల్లగా మెరిసే నాళాలు కనిపిస్తే అక్కడ రక్తం నెమ్మదిగా కదులుతున్నదని అర్థం. ఆ తరువాత, ప్రవహించే రక్తాన్నే మెరిసేలా చూపే టైమ్ ఆఫ్ ఫ్లైట్ యాంజియోగ్రఫీతో మెడను, విల్లిస్ వలయాన్ని చిత్రించి, ముందు వైపు, వెనుక వైపు కలిపే ధమనులు ఉన్నాయో లేవో విడివిడిగా రాసుకోవాలి. ఈ పద్ధతిలో బాగా నెమ్మదైన ప్రవాహం చిత్రంలో మాయమవుతుంది గనుక, కనిపించని నాళాన్ని వెంటనే 'మూసుకుపోయింది' అని రాయకుండా సంయమనం పాటించాలి.

ఇక్కడే నాళంలో రక్తం వేగాన్ని కొలిచే ఫేజ్ కాంట్రాస్ట్ స్కాన్ ఒకటి జత చేయడాన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఒక్కో స్లైస్‌కు కొద్ది నిమిషాలే పట్టే ఈ స్కాన్‌ను చాలామంది వదిలేస్తుంటారు, కానీ తరువాతి లెక్కలన్నిటికీ ఇదే లంగరు. కపాలం అడుగున ఇంటర్నల్ కరోటిడ్ ధమనులు నిటారుగా ఉన్న చోట, నాళానికి సరిగ్గా లంబంగా స్లైస్ పెట్టాలి. కొలవగల గరిష్ఠ వేగ పరిమితిని సెకనుకు 80 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య మొదలుపెట్టి, చిత్రంలో నాళం మధ్య రంగు ఒక్కసారిగా తలకిందులైతే పెంచాలి. ఇరుకును దాటి చిమ్మే ధారలో వేగం మరీ ఎక్కువగా ఉంటుంది, అందువల్ల ఆ చోటును వదిలి బాగా పైకి వెళ్ళాలి. నాళం అడ్డకొలతలో కనీసం నాలుగైదు పిక్సెళ్ళు పట్టేంత సూక్ష్మంగా చిత్రం ఉండాలి. రెండు ఇంటర్నల్ కరోటిడ్‌లు, రెండు వెర్టిబ్రల్ ధమనుల ప్రవాహాన్ని కలిపితే మెదడుకు అందే మొత్తం వస్తుంది. ఆ మొత్తం నిమిషానికి 700 మిల్లీలీటర్లు, మెదడు బరువు 1,400 గ్రాములు అనుకుంటే సగటు సరిగ్గా 100 గ్రాములకు 50 మిల్లీలీటర్లు అవుతుంది. ఎక్స్‌టర్నల్ కరోటిడ్ శాఖలను పొరపాటున కలుపుకోకూడదు.

లేబులింగ్: అసలు కొలత

ఆర్టీరియల్ స్పిన్ లేబులింగ్‌ను 1992లో డెట్రె, కోరెట్స్కీ తదితరులు ఎలుకల మెదడులో చూపించారు. సిరలోకి ఏ మందూ ఎక్కించనక్కరలేకుండా, మెడలో పైకి వెళ్తున్న రక్తంలోని నీటి స్పిన్‌లను రేడియో తరంగాలతో తలకిందులు చేసి, ఆ గుర్తు పడిన రక్తం మెదడును చేరేదాకా ఆగి చిత్రం తీస్తారు. గుర్తు పెట్టకుండా తీసిన మరొక చిత్రం నుంచి దీనిని తీసివేస్తే మిగిలే తేడా ప్రవాహానికి అనులోమంగా ఉంటుంది. ఆ తేడా మొత్తం సిగ్నల్‌లో సుమారు 1 శాతం మాత్రమే, అందువల్లనే తల కదలకుండా ఉంచడానికి, నేపథ్య సిగ్నల్‌ను అణచడానికి, అనేక జతల చిత్రాలను సగటు చేయడానికి ఇంత ప్రయాస పడవలసి వస్తుంది. వీలైతే 3 టెస్లా యంత్రాన్నే వాడాలి.

అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం 2015లో వెలువడినప్పటి నుంచి స్యూడో కంటిన్యువస్ లేబులింగ్ (చిన్న పల్సుల వరుసతో ఎడతెగకుండా గుర్తు పెట్టే పద్ధతి) ప్రామాణికంగా మారింది. దాని ప్రకారం లేబులింగ్ వ్యవధి 1,800 మిల్లీసెకన్లు, ఆ తరువాత నిరీక్షణ కాలం పెద్దవయసు రోగులలో 2,000 మిల్లీసెకన్లు. ఈ నిరీక్షణనే రోజువారీ భాషలో పి.ఎల్.డి. (పోస్ట్ లేబులింగ్ డిలే) అంటారు. కరోటిడ్ వ్యాధిలో మాత్రం ఈ 2,000 సరిపోకపోవచ్చు. పక్క దారుల గుండా వచ్చే రక్తానికి 3 సెకన్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. మరి నిరీక్షణను ఇష్టం వచ్చినంత పెంచితే సరిపోదా అంటే, గుర్తు పడిన రక్తం తన గుర్తును నిలుపుకోలేదు. 3 టెస్లా వద్ద రక్తపు టి1 దాదాపు 1,650 మిల్లీసెకన్లు కాబట్టి, 2 సెకన్ల తరువాత గుర్తులో 30 శాతం మాత్రమే మిగులుతుంది. 3 సెకన్లకు అది 16 శాతానికి పడిపోతుంది. ఎక్కువసేపు ఆగితే గుర్తు చెరిగిపోతుంది, త్వరగా చిత్రం తీస్తే రక్తం ఇంకా దారిలోనే ఉంటుంది.

ఈ ఇరకాటం నుంచి బయటపడే దారి ఒకే నిరీక్షణకు బదులు అనేక నిరీక్షణలు వాడటమే. 500 మిల్లీసెకన్ల నుంచి 3,000 వరకు ఐదారు మెట్లలో చిత్రాలు తీసి, సిగ్నల్ ఎక్కి దిగే తీరుకు బక్స్‌టన్ గతి నమూనాను (గుర్తు పడిన రక్తం రాకను వర్ణించే గణిత నమూనాను) అమర్చితే ప్రతి వాక్సెల్‌లోనూ, అంటే చిత్రంలోని ప్రతి చిన్న ఘనపు గడిలోనూ, ప్రవాహం, రాక సమయం రెండూ వస్తాయి. అమర్చే నమూనాలో పెద్ద నాళాల సిగ్నల్‌కు ప్రత్యేక పదం చేర్చాలి, లేకపోతే నాళంలోనే ఉన్న రక్తం కణజాలపు ప్రవాహంగా లెక్కకు వస్తుంది. మెదడు చిత్రాలను విశ్లేషించే ఎఫ్.ఎస్.ఎల్.లోని బేసిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేయవచ్చు. యంత్రంలో అనేక నిరీక్షణల సదుపాయం లేకపోతే, ఒకే పెద్ద నిరీక్షణతోనైనా తీసి, ఆ మాటను నివేదికలో స్పష్టంగా రాయాలి.

లేబులింగ్ తలం (రక్తానికి గుర్తు పెట్టే అడ్డకోత) ఎక్కడ పెడుతున్నామన్నది టెక్నాలజిస్టు చేతిలో ఉన్న అతి ముఖ్యమైన నిర్ణయం. తీసి ఉంచిన మెడ యాంజియోగ్రఫీని ఎదురుగా పెట్టుకుని, మెడలో కరోటిడ్‌లు, వెర్టిబ్రల్ ధమనులు నిటారుగా సాగే చోట, వాటికి లంబంగా తలాన్ని నిలపాలి. ధమని మెలిక తిరిగిన చోట పెడితే ఒకే నాళం తలాన్ని రెండుసార్లు దాటి లేబులింగ్ దెబ్బ తింటుంది. స్టెంట్, పళ్ళలోని లోహం దగ్గర అయస్కాంత క్షేత్రం వంకర పోతుంది కాబట్టి వాటికి దూరం పాటించాలి. ఆఖరున, నేపథ్య అణచివేత లేకుండా, కనీసం 5 సెకన్ల పునరావృత సమయంతో ఎం0 చిత్రం (గుర్తు పెట్టకుండా పూర్తి సిగ్నల్‌ను చూపే ప్రమాణ చిత్రం) ఒకటి తప్పనిసరిగా తీయాలి; అది లేకుండా సిగ్నల్‌ను మిల్లీలీటర్లలోకి మార్చే దారి లేదు. లెక్కలో లేబులింగ్ సామర్థ్యాన్ని 0.85గానూ, రక్తం-మెదడు మధ్య నీటి విభజన గుణకాన్ని 0.9గానూ తీసుకోవడం ఆనవాయితీ. నేపథ్య అణచివేతకు వాడే ప్రతి పల్స్ ఆ సామర్థ్యాన్ని ఇంకొంచెం తగ్గిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

మ్యాప్‌ను చదివేటప్పుడు

రంగుల మ్యాప్ చూడగానే నల్లగా ఉన్న చోట రక్తం లేదని అనుకోవడం సహజం. కొత్తగా చదివేవారు చేసే తప్పులలో ఇది మొదటిది. నల్లగా కనిపించడానికి మూడు కారణాలు ఉండవచ్చు: ప్రవాహం నిజంగా తక్కువ కావడం, రక్తం ఇంకా చేరకపోవడం, అసలు గుర్తే పడకపోవడం. గుర్తు పడకపోతే ఒక ధమని పరిధి మొత్తం ఒకే రీతిగా నల్లగా ఉంటుంది, అందులో మెరిసే నాళాలేవీ కనిపించవు. అప్పుడు ఫేజ్ కాంట్రాస్ట్ అంకెను చూడాలి. ఆ ధమనిలో ప్రవాహం బాగానే ఉందని అది చెబుతుంటే, లోపం రోగిలో కాదు, మన తలంలో ఉందని తేలుతుంది. రక్తం ఆలస్యంగా వస్తున్నప్పుడు కణజాలం నల్లగా, దానిని ఆనుకుని వంకరటింకరగా తెల్లని నాళాలు ప్రకాశవంతంగా కనిపిస్తాయి. ఇవి లోపం కాదు, సమాచారం. రక్తం పక్క దారి గుండా ఇప్పుడే వస్తున్నదని ఆ మెరుపులు చెబుతాయి. ధమనుల సరిహద్దులు అన్నిటికన్నా ఆలస్యంగా నిండుతాయి కాబట్టి అక్కడ నలుపు గాఢంగా ఉంటుంది.

కుడి ఎడమల పోలిక సులువైనదే కానీ మోసపూరితమైనది. ఎదుటి కరోటిడ్ కూడా ఎంతో కొంత ఇరుకై ఉండటం ఈ రోగులలో అరుదు కాదు, పైగా అది రెండు వైపులకూ రక్తం పంపుతూ ఉంటుంది. అందువల్ల చిన్న మెదడుతో నిష్పత్తి తీసి చూడటం మేలు. అయితే పెద్ద మెదడులో పెద్ద స్ట్రోక్ వచ్చి ఉంటే ఎదుటి వైపు చిన్న మెదడులో ప్రవాహం తగ్గిపోతుందన్న సంగతి మరవకూడదు. వయసుతో బూడిద పదార్థం పలచబడినవారిలో, 3 నుంచి 4 మిల్లీమీటర్ల పెద్ద వాక్సెళ్ళలో వెన్నుద్రవం కూడా కలిసిపోయి ప్రవాహం తక్కువగా కనిపిస్తుంది. ఈ కలగలుపును సరిచేసే పాక్షిక పరిమాణ సవరణ చేసిన అంకెను, చేయని అంకెను రెండింటినీ భద్రపరచాలి. ఏ ధమని ఏ ప్రాంతానికి రక్తం పంపుతున్నదో తెలియాలంటే ఒక్కో నాళానికి విడిగా గుర్తు పెట్టే పద్ధతి ఉంది. మూసుకుపోయిన కరోటిడ్ వైపు ముందు భాగానికి ఎదుటి ధమని, వెనుక భాగానికి బేసిలర్ ధమని (రెండు వెర్టిబ్రల్ ధమనులు కలిసి ఏర్పడేది) రక్తం పంచుకోవడం అందులో కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది.

నిల్వ సామర్థ్యాన్ని పరీక్షించడం

నాళాలను వ్యాకోచింపజేసే ఒక ప్రేరణ ఇచ్చి, దానికి ముందూ తరువాతా ప్రవాహాన్ని కొలవడమే ఈ పరీక్ష. అసిటజోలమైడ్‌ను పెద్దవారికి 1 గ్రాము మోతాదులో సిరలోకి నెమ్మదిగా ఎక్కించి, 10 నుంచి 15 నిమిషాల తరువాత రెండవ లేబులింగ్ తీస్తారు. సల్ఫా మందులు పడనివారికి, కాలేయం, మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఇది ఇవ్వకూడదు. పెదవులు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయని, తలనొప్పి రావచ్చని ముందే చెప్పాలి. మూత్రం ఎక్కువగా వస్తుంది గనుక స్కానర్ ఎక్కేముందు బాత్రూముకు వెళ్ళి రమ్మనడం చిన్న విషయంలా కనిపించినా, రెండవ స్కాన్‌లో రోగి కదలకుండా ఉండటం దాని మీదే ఆధారపడి ఉంటుంది. కొద్దిరోజుల క్రితమే స్ట్రోక్ వచ్చినవారిలో వైద్యుడి సమక్షంలో తప్ప ఈ పరీక్షకు పూనుకోకూడదు.

ప్రవాహం ఎంత శాతం పెరిగిందో లెక్కిస్తారు. ఆరోగ్యవంతులలో ఈ పెరుగుదల 30 శాతం, అంతకు పైన ఉంటుంది. మెదడు ధమనికి బైపాస్ శస్త్రచికిత్సను పరీక్షిస్తూ జపాన్‌లో జరిగిన జెట్ అధ్యయనంలో విశ్రాంతి ప్రవాహం మామూలులో 80 శాతం కన్నా తక్కువగా ఉండి, అసిటజోలమైడ్ తరువాత పెరుగుదల 10 శాతం లోపు ఉన్నవారిని తీవ్ర లోపం ఉన్నవారిగా పరిగణించారు. ఆ కొలతలు ఎం.ఆర్.ఐ.తో తీసినవి కావు గనుక ఆ హద్దులను ఉన్నవి ఉన్నట్లుగా లేబులింగ్‌కు అంటగట్టకూడదు. పెరగడానికి బదులు తగ్గితే, చుట్టుపక్కల నాళాలు వ్యాకోచించి ఈ ప్రాంతపు రక్తాన్ని లాగేసుకున్నాయని అర్థం. ఇదే స్టీల్, అంటే దొంగిలింపు.

మొదట చెప్పిన ఆలస్యం ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది. అసిటజోలమైడ్ తరువాత రక్తం వేగంగా వస్తుంది. మొదటి స్కాన్‌లో సమయానికి చేరని రక్తం రెండవ స్కాన్‌లో చేరుతుంది. ఒకే నిరీక్షణతో కొలిచినవారు దీనిని ప్రవాహం పెరిగినట్లుగా లెక్కించి, నిల్వ బాగానే ఉందని భరోసా ఇచ్చే ప్రమాదం ఉంది. మరోవైపు, ధమనులలో వేగం పెరగడం వల్ల లేబులింగ్ సామర్థ్యం కొంత తగ్గి, అసలు పెరుగుదల చిన్నదిగా కనిపిస్తుంది. ఈ రెండు తప్పులూ ఒకదానినొకటి సరిగ్గా రద్దు చేసుకుంటాయని ఆశించలేము. అనేక నిరీక్షణలు, మందు తరువాత మరొక ఫేజ్ కాంట్రాస్ట్, ఈ రెండే నమ్మదగిన కాపలా.

మందు వద్దనుకుంటే 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిని మాస్కు ద్వారా ఇచ్చి, మామూలు గాలితో ఒకటి రెండు నిమిషాలకొకసారి మారుస్తూ బోల్డ్ చిత్రాలు (రక్తంలోని ఆక్సిజన్ మార్పును బట్టి సిగ్నల్ మారేవి) తీయవచ్చు. శ్వాస చివరన వచ్చే కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని నమోదు చేసి, ఫలితాన్ని ప్రతి మిల్లీమీటర్ పాదరసానికి ఎంత శాతం మార్పు అన్న రూపంలో రాయాలి. జబ్బు వైపు స్పందన చాలా సెకన్లు ఆలస్యంగా రావచ్చు కాబట్టి, ఆ జాప్యానికి సర్దుబాటు చేయకుండా విశ్లేషిస్తే ఉన్న స్పందన కూడా లేనట్లు తేలుతుంది. గ్యాస్ పరికరాలు లేనిచోట, ఊపిరి వదిలిన తరువాత సుమారు 15 సెకన్లు శ్వాస బిగబట్టించే పద్ధతి ఉంది. సహకరించగలిగిన రోగులలో అది పనికి వస్తుంది, మిగిలినవారిలో కాలయాపన మాత్రమే.

గాడోలినియంతో తీసేవారికి

సిరలోకి మందు ఎక్కించే కాంట్రాస్ట్ పద్ధతిలో కిలో బరువుకు 0.1 మిల్లీమోల్ గాడోలినియంను సెకనుకు 4 నుంచి 5 మిల్లీలీటర్ల వేగంతో ఎక్కించి, సెకనున్నర లోపు విరామాలతో చిత్రాలు తీస్తారు. టీమాక్స్ మ్యాప్ (లెక్కించిన స్పందన గరిష్ఠానికి చేరే సమయాన్ని చూపేది) ఆలస్యాన్ని ఎంతో సున్నితంగా పట్టిస్తుంది, అందుకే అది పెరిగినంత మాత్రాన ప్రవాహం తగ్గిందని రాయకూడదు. ఆలస్యానికి చలించని డీకన్వల్యూషన్ పద్ధతిని (ధమనిలోకి మందు వచ్చిన తీరును లెక్కలోంచి విడదీసే పద్ధతిని) ఎంచుకోవాలి, ధమని వక్రరేఖను జబ్బు లేని వైపు నుంచి తీసుకోవాలి. తీవ్రమైన మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో ఈ పద్ధతి అవసరమా అని ముందు ఆలోచించాలి.

నివేదిక, ఆ తరువాతి స్కాన్

నివేదికలో ప్రవాహపు అంకె పక్కనే రాక సమయం, వాడిన నిరీక్షణలు, కొలిచిన రోజు రక్తపోటు ఉండాలి. ఈ ఫలితం ఒక్కటే శస్త్రచికిత్సను నిర్ణయించదని చికిత్స చేసే వైద్యులతో మాట్లాడేటప్పుడు గుర్తు చేయడం మన బాధ్యత. కరోటిడ్ పూర్తిగా మూసుకుపోయి, ఆక్సిజన్ పిండుకునే రేటు పెరిగినట్లు పెట్ స్కాన్‌లో తేలిన రోగులను ఎంచుకుని బైపాస్ చేసిన కాస్ అధ్యయనం 2011లో ప్రచురితమైంది. రెండేళ్ళలో అదే వైపు స్ట్రోక్ వచ్చినవారు శస్త్రచికిత్స జరిగిన వర్గంలో 21 శాతం, జరగని వర్గంలో 22.7 శాతం, అంటే లోపం ఉన్నట్లు కచ్చితంగా తేలినా ఆపరేషన్ వల్ల మేలు కలగలేదు.

ఎండార్టరెక్టమీ (ధమని లోపలి పూడికను తొలగించే శస్త్రచికిత్స) లేదా స్టెంట్ తరువాత మళ్ళీ స్కాన్ చేసేటప్పుడు అదే యంత్రం, అదే నిరీక్షణలు, వీలైనంత వరకు అదే వేళ పాటించాలి. శస్త్రచికిత్సకు ముందున్న దానికన్నా ప్రవాహం 100 శాతానికి మించి పెరిగితే దానిని హైపర్‌పెర్ఫ్యూజన్‌గా పరిగణిస్తారు. తలనొప్పి, ఫిట్స్, మెదడులో రక్తస్రావం దాని వెంట రావచ్చు గనుక ఆ ఫలితాన్ని లిఖిత నివేదిక కోసం ఆగకుండా వెంటనే ఫోనులో తెలియజేయాలి. దారి తెరుచుకున్న తరువాత రక్తం త్వరగా చేరుతుంది, కాబట్టి ఒకే నిరీక్షణతో తీసిన ముందు వెనుకల పోలికలో రాక సమయం తగ్గడం వల్ల వచ్చిన వెలుగు కూడా ప్రవాహపు పెరుగుదలలా కనిపిస్తుంది. ఏది ఎంతో విడదీయాలంటే మొదటి స్కాన్‌లోని ముడి చిత్రాలు, ఎం0, లేబులింగ్ తలం స్థానం అన్నీ చేతిలో ఉండాలి. రంగుల మ్యాప్‌ను మాత్రమే భద్రపరిచి ముడి చిత్రాలను తుడిచివేసే అలవాటు ఉంటే, మొదటి రోగి నుంచే దానిని మానుకోవాలి.